తప్పు ఎర్త్‌ది, తన్నులు బ్యాటరీకి

పాత యెజ్డీ మోటార్‌సైకిలుకు హెడ్‌లైటు మసగ్గా వెలుగుతోందంటే ముందు బల్బు మారుస్తారు. తర్వాత బ్యాటరీ. అప్పటికీ కుదరకపోతే రెక్టిఫయరు. ఆఖరికి వైరింగ్ కిట్టు మొత్తం పీకేసి కొత్తది వేస్తారు. వేలు వదిలాక చూస్తే లైటు ఎప్పటిలాగే ఉంటుంది. రోగం ఎర్త్‌లో ఉంటే మందు బ్యాటరీకి వేసి ఏం లాభం? ఆ ఎర్త్ రోగాన్ని చేత్తో పట్టగలిగిన పాతకాలం ఎలక్ట్రీషియన్ల గురించే ఈ వ్యాసం. వాళ్లంటే నాకు పక్షపాతం ఉంది, దాచుకోను.

ఆ తరం బండ్ల చరిత్ర ఇక్కడ రెండు ముక్కల్లో చాలు. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ 1955లో మొదలైంది. మైసూరులో ఐడియల్ జావా 1961 నుంచి బండ్లు తీసి, వాటినే యెజ్డీలుగా మార్చి, 1996లో మూతపడింది. ఆనాటి బండ్లు చాలావరకు 6 వోల్టులవి. సాధారణంగా బ్యాటరీ ప్లస్సు నుంచి కరెంటు తీగల్లో వెళుతుంది. బల్బు, హారన్, కాయిల్ వాడుకున్నాక తిరిగి మైనస్సుకు చేరడానికి ఫ్రేము ఇనుమే దారి. దాన్నే ఎర్త్ అంటారు. తీగ ఖర్చు సగం మిగిలింది గానీ ప్రతి బోల్టూ ఒక కీలు అయింది. అక్కడ తుప్పో, చిలుమో, పెయింటో చేరిందంటే దారి ఇరుకవుతుంది. పాత ఇంగ్లిష్ బండ్లలోని లూకాస్ కంపెనీ ఎలక్ట్రికల్ సామానుకు ‘చీకటి రాజు’ అని వెటకారంగా పేరు పెట్టారు. అందులో సగం పాపం ఈ బోల్టులదేనని నా గట్టి నమ్మకం.

6 వోల్టుల బండికి ఈ బాధ ఎందుకు ఎక్కువో లెక్క చూడండి. 35 వాట్ల బల్బు దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. ఎర్త్ బోల్టు దగ్గర అర ఓము అడ్డు పడితే చాలు, బల్బుకు అందేది 4 వోల్టులే. వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అదే అర ఓము 12 వోల్టుల బండిలో ఒకటింబావు వోల్టు తింటుంది, వెలుగు అంతగా పడిపోదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పనితనం చూసి తీరాలి. ఒకసారి ఒక కుర్రాడు బుల్లెట్ తెచ్చాడు. బ్రేకు తొక్కితే ఇండికేటర్లన్నీ మిణుకుమంటున్నాయి, బ్రేకు లైటు మాత్రం గుడ్డిగా ఉంది. రెండు షాపులు తిరిగి, ఫ్లాషరు, స్విచ్చు మార్చుకుని వచ్చాడు. పెద్దాయన ఒక్క స్క్రూ ఊడదీయలేదు. “ఈమధ్య బండికి పెయింట్ వేయించావా బాబూ?” అన్నారు. “అవునండీ, పౌడర్ కోటింగ్.” ఆయన నవ్వి, బ్యాటరీ మైనస్సు నుంచి ఒక తీగ లాగి వెనక లైటు ప్లేటుకు ఆనించారు. బ్రేకు లైటు భగ్గుమంది, ఇండికేటర్లు ఆరిపోయాయి.

జరిగిందేమిటంటే, వెనక మడ్‌గార్డు బోల్టు కింద కొత్త పెయింటు మందంగా పేరుకుంది. బ్రేకు లైటు కరెంటు తిరిగి వెళ్లే దారి లేక, వెనక ఇండికేటర్ బల్బుల్లోంచి దూరి, ముందు ఇండికేటర్ల ఎర్త్ దాకా పాకింది. సంబంధం లేని బల్బు వెలిగిందంటే ముందు ఎర్త్‌నే అనుమానించాలని అక్కడే నేర్చుకున్నాను.

హెడ్‌లైటుకు ఆయన పరీక్ష ఇంకా ముచ్చటగా ఉంటుంది. లైటు వేసి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పిస్తారు. తిప్పినప్పుడల్లా వెలుగు ఊగిసలాడితే, హెడ్‌లైటు ఎర్త్ తీగ తెగి, కరెంటు మెడలోని బాల్‌బేరింగుల గుండా గ్రీజు దాటుకుంటూ పోతోందన్నమాట. సెల్ఫ్ స్టార్టు బండ్లలో ఇంజను ఎర్త్ పోతే క్లచ్ కేబుల్ వేడెక్కుతుంది. అంత కరెంటూ దాని మీదే పడుతుంది మరి.

మీటరు ఉన్నా వాడడం తెలియాలి. లైటు ఆర్పి ఓములు కొలిస్తే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా సున్నా చూపించి మోసం చేస్తుంది. లైటు వేసి, మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ముల్లు బ్యాటరీ మైనస్సుకు, ఎర్ర ముల్లు బల్బు హోల్డరు ఒంటికి ఆనించాలి. 0.2 లోపు ఉంటే హాయి. అర వోల్టు దాటితే దొంగ ఆ రెండు ముళ్ల మధ్యే ఉన్నాడు. ముల్లు ఒక్కో బోల్టుకూ జరుపుకుంటూ పోతే దొరికిపోతాడు.

దీనికి తలకిందులు రోగం ఇంకొకటి ఉంది, ఎర్త్ తగలకూడని చోట తగలడం. ట్యాంకు కింద, హ్యాండిల్ మెడ దగ్గర తొడుగు ఒరుసుకుపోయిన తీగ ఫ్రేముకు తాకుతుంది. మాగ్నెటో ఇగ్నిషన్ బండిలో అది ఇంజను ఆపే తీగే అయితే ఎంత కిక్కు కొట్టినా స్పార్కు రాదు.

బాగుచెయ్యడం చాలా సులువు, ఓపికే కావాలి. లోహం మెరిసేదాకా ఎమిరీ పేపరుతో గీకి, టంకం పెట్టిన లగ్గు, పళ్లున్న స్టార్ వాషరు వేసి బిగించి, ఆ తర్వాత పైన వాజలీన్ రాయాలి. బ్యాటరీ మైనస్సు నుంచి ఇంజనుకు, హెడ్‌లైటుకు, వెనక లైటుకు తలొక తీగ వేసేస్తే మరీ మంచిది.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది! తీగ కోసి, పళ్లతో తొడుగు లాగి, మెలిపెట్టి టేపు చుట్టడం వైరింగ్ అట. రంగులు తారుమారైన, వెంట్రుకల్లాంటి పోగుల నకిలీ కిట్టు వేసి, యాభై ఏళ్లు నిలిచిన అసలు తీగలను పాత సామాను వాడికి అమ్మేస్తారు. బండి యజమానులూ తక్కువ తినలేదు. చెవులు పగిలే సైలెన్సరుకు వేలు పోస్తారు, గంటసేపు వంగి రోగం పట్టినాయన రెండు వందలు అడిగితే “సామాను ఏం మార్చావని?” అంటారు.

అయ్యా, ఏ సామాను మార్చే ముందైనా లైటు వేయించి ఎర్త్ చూడమని అడగండి. సామానేదీ మార్చకుండానే రోగం కుదిర్చినవాడికి బేరమాడకుండా డబ్బివ్వండి. ఐటీఐలవాళ్లు ఒక పాత బుల్లెట్ తెచ్చి పిల్లల చేత ఈ బోల్టులన్నీ గీకించాలి. ఆటోనగర్ పెద్దాయన దగ్గర ఇవాళ శిష్యుడంటూ ఒక్కడూ లేడు.