అతుకు కానరాని పటము

జూజువాడి సరిహద్దున రహదారి ప్రక్క నిలిచి, ఇటు హోసూరు వైపును, అటు అత్తిబెలె వైపును ఒకే పటమున చూపవలెనన్నచో సాధారణపు కటకమునకు శక్తి చాలదు. కెమెరాను కొద్దికొద్దిగా త్రిప్పుచు, ముందటి చిత్రములోని మూడవవంతైనను తరువాతి దానిలో మరల వచ్చునట్లు తీసి, అన్నిటిని అతుకవలెను. నేడు చేతిఫోనే ఈ పనిని క్షణములో చేయుచున్నది. అతుకు కానరాలేదని మనమందరము మెచ్చుకొనుచున్నాము. ఆ మెప్పు విషయముననే మాకు సందేహము.

1858లో, మద్రాసు ప్రభుత్వమునకు ఛాయాచిత్రకారుడుగా నున్న కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయ విమానపు అడుగుభాగముననున్న శాసనములను 21 చిత్రములుగా తీసి, వరుసగా అతికించి, సుమారు 19 అడుగుల పొడవు గల పటము చేసెను. ఒకచోట నిలిచి త్రిప్పక, గోడ వెంబడి కెమెరాను జరుపుచు పోయెను. గోడకు ఆ పద్ధతి చెల్లును. ముందు స్తంభము, వెనుక కొండ ఉన్నచోట చెల్లదు. కెమెరా జానెడు జరిగినను స్తంభము కొండ యెదుట వేరొక చోట పడును. అట్టిచోట కెమెరాను కాదు, కటకములో కాంతి చొచ్చు బిందువును ఇరుసుగా చేసికొని త్రిప్పవలెను. ట్రైప్ పటమున ఏ అక్షరము ఏ చిత్రములోనిదో నేటికిని చెప్పవచ్చును. అతుకుల బొంత యని మనవారు చులకన చేయుదురు గాని, అవ్వ కుట్టిన బొంతలో ఏ పేలిక ఎవరి చీరదో ఇంటిల్లిపాదికి తెలిసియుండెడిది.

2003లో మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో అనువారు ప్రకటించిన పద్ధతిలో యంత్రమే రెండు చిత్రములలోని సమానబిందువులను వెదకి, వానిని జతపరచి, అంచులను కలిపివేయును. కదలని రాతికి ఇది మేలే. జూజువాడి రహదారిపై లారీలు నిలువవు గదా! రెండు చిత్రముల నడుమ కదలిన లారీ సగము మాయమగును, లేదా రెండుమార్లు కానవచ్చును. అంచులు కలిసిపోవుటచే చూపరికి అనుమానమైనను కలుగదు. అంతకంటె వింత యొకటి గలదు. సూటిగా సాగు బాటను వర్తులముగా త్రిప్పి తీసినచో అది విల్లువలె వంగి, రెండు కొనలు రెండు వేరు బాటలవలె దూరమునకు పోవును. హోసూరున పుట్టినిల్లు, అత్తిబెలె ఆవల అత్తవారిల్లు గల ఆడబిడ్డ నిత్యము నడచెడి ఒకే బాటను ఆ పటము రెండు చేసినది. రెండు రాష్ట్రముల నడిమి గీతను మాత్రము బొత్తిగా చూపనేలేదు.

సంచికలలో ఇట్టి పటములు వేయువారు నిలిచిన చోటును, దినమును, కలిపిన చిత్రముల సంఖ్యను క్రింద వ్రాయింపవలెను. విడిచిత్రములను పారవేయక, సంఘపు బీరువాలో వరుస చెడకుండ ఉంచవలెను.