ముందు హెచ్చరిక, ఆ తర్వాతే మీట

కంప్యూటర్‌లో ఉబుంటు అనే లినక్స్‌ను ఎక్కించేటప్పుడు, డిస్క్ మొత్తం చెరిపేసి ఇన్‌స్టాల్ చేసే వీలు ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కమని మూడో వాక్యంలో చెప్పి, పాత ఫైళ్లన్నీ పోతాయని ఐదో వాక్యంలో చెప్పే పుస్తకం ఎంత చక్కటి తెలుగులో ఉన్నా చెడ్డ పుస్తకమే. ఇలాంటివి ఎవరూ ముందు మొత్తం చదివి మొదలుపెట్టరు. ఒక వాక్యం చదువుతారు, ఒక మీట నొక్కుతారు. ఉదయగిరిలో ఆ పని చేస్తున్న డిగ్రీ విద్యార్థికి ఏదైనా తేడా వస్తే సాయం కోసం వెళ్లాల్సిన నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. పక్కన అడగడానికి ఎవరూ లేని ఆ పాఠకుడే లినక్స్ గురించి తెలుగులో స్వచ్ఛందంగా రాసేవాళ్లకు అసలు పాఠకుడు.

ఈ రాతకు పాత వంశమే ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను బయటపెట్టారు. కొద్దికాలానికే లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు పేరుతో ఎందరో జీతం లేకుండా మార్గదర్శకాలు రాయడం మొదలుపెట్టారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు స్వేచ్ఛగా మార్చుకోదగ్గ పుస్తకం కూడా కావాలన్నది స్టాల్‌మన్ వాదన. 2000లో వచ్చిన గ్నూ డాక్యుమెంటేషన్ లైసెన్సు దాని ఫలితమే.

తెలుగులో ఈ పని రెండు దారుల్లో నడిచింది. హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చింది, ఇంజినీరింగ్ కాలేజీల్లో లినక్స్ వాడుకరుల బృందాలను నిలబెట్టింది. చావల అర్జునరావు తెలుగు వికీబుక్స్‌లో ఉబుంటు మీద పుస్తకమే రాశారు. బృందం వస్తుంది, వెళ్తుంది. పుస్తకం రాత్రి పదకొండు గంటలకు కూడా పక్కనే ఉంటుంది. అయినా ఈ రెండో దారికి రావాల్సినంత గౌరవం రాలేదనిపిస్తుంది.

మంచి రచయిత మొదటి అధ్యాయంలోనే ఇన్‌స్టాల్ జోలికి పోడు. పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటును నడిపి, డిస్క్‌ను ముట్టుకోకుండా చూడవచ్చని చెబుతాడు. భయం అక్కడే సగం తీరుతుంది. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే చాలా లినక్స్‌లలో తెర మీద చుక్క కూడా కనబడదు. కీబోర్డు పాడైందనుకుని కొత్తవాళ్లు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆ ఒక్క వాక్యం ముందే రాసిపెట్టడం పెద్ద ఉపకారం. ప్రతి ఆజ్ఞకూ ముందు అది ఏం చేస్తుందో, వద్దనుకుంటే ఎలా వెనక్కి తీసుకోవాలో చెప్పాలి. మెనూలు సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి పేరుతో పాటు అది తెర మీద ఏ మూల ఉందో కూడా రాయాలి. టైపింగ్ దగ్గర ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లాంటి అమరికలు చాలా ఉన్నాయి. అన్నీ ఏకరువు పెట్టేకంటే ఒకటి ఎంచుకుని, చేతికి వచ్చేదాకా నేర్పడం మేలు.

ఇంత శ్రమా త్వరగా పాతబడుతుంది. ఉబుంటు 12.04 యూనిటీ అనే తెరతో వచ్చింది. 2017 అక్టోబరులో వచ్చిన 17.10తో యూనిటీ పోయి గ్నోమ్ వచ్చింది. పుస్తకాల్లోని తెరబొమ్మలు ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. మామూలు పుస్తకమైతే కథ అక్కడితో ముగిసేది. కానీ వికీబుక్స్‌లోని రాతను రచయిత పేరు చెప్పి, అదే లైసెన్సు కింద ఎవరైనా మార్చవచ్చు. ఆత్మకూరులో ఒక అధ్యాపకుడు బొమ్మలు మార్చి తన విద్యార్థులకు ప్రింటు తీసి ఇవ్వాలనుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ అవసరం పెరిగింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. చిన్న ఊళ్ల డీటీపీ షాపులకు లినక్స్ ఒక దారే కానీ, పెళ్లి పత్రికల దగ్గర చిక్కు ఉంది. అను ఫాంట్లలో కూర్చిన ఫైళ్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. పేజీలు కూర్చే స్క్రైబస్‌లో భారతీయ లిపుల ఒత్తులు సరిగ్గా కుదరడం స్థిరమైన కూర్పులోకి వచ్చింది 2024 జనవరి నాటి 1.6తోనే. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం, స్క్రైబస్‌లో పత్రిక కూర్చడం, ప్రెస్సుకు పీడీఎఫ్ పంపడం: ఈ మూడింటినీ వరసగా, షాపులో కూర్చుని చేసి చూసి రాసే అధ్యాయం ఇప్పుడు అన్నిటికంటే ముందు రావాలి.