నాటక కథానికలయందు శ్రవణభేదము

రూపకలక్షణమును బోధించునపుడు పతాకాస్థానకము, గండము, జనాంతికము మొదలగు సంజ్ఞలను విద్యార్థులచేఁ గంఠస్థము చేయించుట వాడుక. సంజ్ఞ తెలిసినంతమాత్రమున నా సాధనము పనిచేయు తీరు తెలియదు. కథానిక పాశ్చాత్యసంప్రదాయమునుండి వచ్చిన ప్రక్రియ యనియు, దానికి మన లక్షణగ్రంథములతో సంబంధము లేదనియుఁ గొందఱందురు. కథలో ననుకొనని దేది జరిగినను నది పతాకాస్థానకమే యని మఱికొందఱందురు. ఈ రెండు మతములును విచారమునకు నిలువవు. ఎవరి కేమి తెలియును, ఎవరి కేమి తెలియదు అను విభాగమే యీ సాధనములకు మూలము. దానిని గుర్తించినచోఁ బ్రాచీనలక్షణము నవీనకథ కెంతవఱ కుపకరించునో స్పష్టమగును.

పదియవ శతాబ్దివాఁడగు ధనంజయుఁడు దశరూపకమున నాట్యవస్తువును శ్రవణమునుబట్టి మూఁడు విధములుగా విభజించెను. అందఱు వినఁదగినది సర్వశ్రావ్యము. కొందఱే వినఁదగినది నియతశ్రావ్యము. ఇతరపాత్ర లెవ్వరును వినఁగూడనిది యశ్రావ్యము, అదియే స్వగతము. నియతశ్రావ్యమునందు జనాంతికము, అపవారితము అని రెండు భేదములు. ఈ విభాగమంతయు రంగముపైనున్న పాత్రలకు సంబంధించినది. ప్రేక్షకునికి మాత్ర మన్నియు శ్రావ్యములే. పాత్రకంటెఁ బ్రేక్షకుఁ డెక్కువ యెఱిఁగియుండుట కిది యొక మార్గము.

ప్రసిద్ధేతివృత్తము రెండవ మార్గము. ఉత్తరరామచరిత ప్రథమాంకమున సీత నిద్రించుచుండఁగా, ఆమె విరహ మొక్కటియే తనకు దుస్సహమని రాముఁ డనుకొనును. ఆ క్షణముననే ప్రతీహారి ప్రవేశించి, వచ్చినాఁడని విన్నవించును. ఆమె చెప్పినది దుర్ముఖుఁడను చారుని రాక. ప్రేక్షకుని చెవికి సోఁకునది విరహపు రాక. దుర్ముఖుఁడు తెచ్చినది లోకాపవాదవార్త యగుటచే రెండర్థములును నిజములే యయ్యెను. ధనికుఁడు దశరూపకవ్యాఖ్యయందు దీనిని గండమున కుదాహరించెను. వేణీసంహార ద్వితీయాంకమునను దుర్యోధనుఁడు తన తొడలను బేర్కొని భానుమతితో సరసమాడుచుండఁగాఁ గంచుకి వచ్చి, విఱిగినదని మొఱవెట్టును. భయంకరమగు గాలిచే రథధ్వజము విఱిగినదని యాతని తాత్పర్యము. భీమశబ్దమువలన స్ఫురించునది యూరుభంగము. రామాయణభారతముల నెఱుఁగనివానికి నీ రెండు ఘట్టములును వట్టి తొట్రుపాటు మాటలుగానే తోఁచును. కావున నిచ్చట సాధనమునకుఁ బ్రాణము ప్రేక్షకుని పూర్వజ్ఞానమే.

కల్పితేతివృత్తమున నీ పూర్వజ్ఞాన ముండదు. అచ్చటఁ గవి యేమి చేయవలెనో గురజాడ అప్పారావుగారి రెండు రచనలను జేర్చి చూచినఁ దెలియఁగలదు. 1909లో వెలువడిన కన్యాశుల్కము రెండవ కూర్పునఁ బ్రథమాంకమున మధురవాణి యింట గిరీశము రాకకు జడిసి రామప్పపంతులు మంచము క్రింద దాఁగును. పిదపఁ బూటకూళ్లమ్మ రాఁగా గిరీశమును నా మంచము క్రిందనే చేరును. రామప్పపంతులు దాఁగుటను సభ్యులు కన్నులార చూచియున్నారు. కావున గిరీశము మధురవాణితో నాడు ప్రతి మాటకును వారు మంచము క్రింది శ్రోతనుగూడ లెక్కించుకొందురు. హాస్యము మాటలలో నున్నంత యా లెక్కలోను గలదు.

1910లో ఆంధ్రభారతిలోఁ బ్రకటింపఁబడిన దిద్దుబాటు కథానికయందును మంచము కలదు. సానిపాట విని ప్రొద్దుపోయి యిల్లు చేరిన గోపాలరావు భార్యను గానక, ఆమె వ్రాసి యుంచిన యుత్తరమును జదివి, సేవకుఁడగు రామునితోఁ దన పశ్చాత్తాపమును వెల్లడించును. తుదకు మంచము క్రిందనుండి నవ్వును, గాజుల చప్పుడును వినవచ్చును. అదే రచయిత, అదే మంచము. కాని శ్రోత యున్నదను సంగతి నీసారి చదువరికిఁ దెలుపఁబడలేదు. రంగముపై మంచము సభ్యుల కన్నుల యెదుట నుండును. కథలోఁ గథకుఁడు చూపినదే కన్ను. ఈ భేదము ప్రక్రియాభేదమునుండి వచ్చినది.

దీనిని బతాకాస్థానక మనుట పొసఁగదు. ఒక యర్థమున నాడిన మాట రాఁబోవు వేఱర్థమును సూచించుట దాని స్వరూపము; ఇచ్చట సూచన కాదు, గోపనము ప్రధానము. అయినను శాస్త్రము నిరుపయోగము కాలేదు. గోపాలరావు నియతశ్రావ్యమని తలఁచి పలికినది కమలినికి శ్రావ్యమయ్యెను. ఆ కథ నిలుచుట కీ శ్రవణవిపర్యాసమే యాధారము.

ఇట్టి గోపనము గారడివంటిదనియు, రహస్యము తెలిసినంతనే కథ యుడిగిపోవుననియు నాక్షేపింపవచ్చును. కేవల మాశ్చర్యమునకై వ్రాసిన కథల విషయమున నది నిజము. దిద్దుబాటు విషయమునఁ గాదు. ఏలయన, రెండవమాఱు చదువునపుడు సేవకునితో నాడిన మాట లన్నియు భార్యయెదుట విన్నపములుగా మాఱును. తన గౌరవమును గాపాడుకొనుచు భర్త పలికిన పలుకులను సైత మామె వినుచునే యున్నది. కథపేరునకు నిజమైన యర్థ మప్పుడే తెలియును. తొలిపఠనమున విస్మయము, మలిపఠనమున నాటకప్రేక్షకుని జ్ఞానము — ఈ రెంటికిని నిలిచినదే సత్కథ.

కావున బాలురను, ఇది యే సాధనమని యడుగుటకు ముందు, ఈ మాట యెవరు వినుచున్నారు, వినుచున్నట్లు పలుకువాఁ డెఱుఁగునా, చదువరి యెఱుఁగునా యని యడుగుట మేలు. ఈ మూఁటికి సమాధానము చెప్పఁగలవానికి సంజ్ఞ తరువాత నేర్పినను నష్టము లేదు. చెప్పలేనివానికి సంజ్ఞ యెంత ముందు నేర్పినను లాభము లేదు.