పదకొండు దాటాక వచ్చే అమ్మాయికి

విజయలక్ష్మీ!

ముందు ఈ పేరుతోనే పిలవనీ. ఏలూరు పక్కన కొవ్వలిలో, 1960 డిసెంబరు 2న నువ్వు పుడితే మీవాళ్ళు పెట్టుకున్న పేరు. నాలుగో తరగతితో బడి ఆగిపోయేదాకా పలక మీద నువ్వు దిద్దుకున్న పేరు. మద్రాసు వెళ్ళాక స్మితవయ్యావు. 1980లో 'వండిచక్కరం' అనే తమిళ సినిమాలో సారా అమ్మే పిల్ల వేషం వేస్తే, ఆ పాత్ర పేరు సిల్క్ నీకు అంటుకుని ఇక వదల్లేదు. నువ్వు పోయిన పదిహేనేళ్ళకు నీ బతుకునీ చావునీ తెర మీదికి తెచ్చినవాళ్ళు రేష్మ అన్నారు. రేష్మలో ఉన్నదీ పట్టే, సిల్క్‌లో ఉన్నదీ పట్టే. రెక్కలు రాకముందే పురుగును మరిగే నీళ్ళలో వేసి తీసే దారం అది. ఆ దారంతో నిన్ను చుట్టినవాళ్ళకు లోపలున్న ప్రాణి పేరు అక్కర్లేకపోయింది.

నాకూ అక్కర్లేకపోయింది. అందుకే ఇవాళ ఈ స్తోత్రం.

మాది తాడేపల్లిగూడెం. చిన్నప్పుడు హాల్లో ఆడవాళ్ళ బెంచీల మీద అమ్మ పక్కన కూర్చునేదాన్ని. నీ పాట మొదలవగానే నేలలోంచి ఈలలు లేచేవి, మా బెంచీల్లో తలలు వంగేవి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఇంటికొచ్చాక కథ చెప్పుకునేవాళ్ళం, పాటలు చెప్పుకునేవాళ్ళం, నీ పేరు మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. నువ్వు మా జిల్లా పిల్లవని, మా ఊరికీ మీ ఊరికీ నడుమ దూరం కూడా పెద్దగా లేదని నాకు ఢిల్లీ వచ్చాక తెలిసింది. ఇంత దూరం వస్తే తప్ప నువ్వు మా పొరుగుదానివని తెలియలేదు, తల్లీ.

2011 డిసెంబరు 2, శుక్రవారం. సరిగ్గా నీ పుట్టినరోజునాడే 'ద డర్టీ పిక్చర్' విడుదలైంది. ఆ వారంలోనే అసఫ్ అలీ రోడ్డులోని డిలైట్ థియేటర్‌లో చూశాను. బయట చలి. లోపల స్వెటర్లు, మఫ్లర్లు, సమోసాల వాసన. పక్కన ఆఫీసు స్నేహితురాలు, పంజాబీ అమ్మాయి. తెర మీద విద్యాబాలన్ బరువు పెరిగిన ఒంటితో, సిగ్గుపడని కళ్ళతో నడిచి వస్తుంటే ఈలలు వినిపించాయి. అవే ఈలలు. గూడెంలో నేలలోంచి లేచినవి ముప్పయ్యేళ్ళు ప్రయాణం చేసి ఢిల్లీ బాల్కనీకి చేరాయేమో అనిపించింది. తల వంచలేదు నేను. ఈసారి చూశాను.

మిలన్ లూథ్రియా దర్శకుడు, రజత్ అరోరా రచయిత. గడిచిన కాలాన్ని కట్టడం అంటే ఏమిటో ఆ సినిమాలో ఉంది: స్టూడియో ఫ్లోరు మీద దుమ్ము, చేత్తో గీసిన పోస్టర్ల రంగు, మేకప్ పెట్టె అద్దం చుట్టూ బల్బులు, కొనేవాడి కళ్ళతో చూసే నిర్మాతలు. కథ చెప్పేది ఆమెను అసహ్యించుకునే ఒక దర్శకుడు. చివర ఆమె దగ్గర్నుంచి అతనికి ఫోను వస్తుంది. ఆ గొంతులో ఏదో తేడా వినిపించి పరిగెత్తుకొస్తాడు. అప్పటికే ఆమె ఎర్రచీర కట్టుకుని, పెళ్ళికూతురిలా ముస్తాబై, మంచం మీద నిద్రపోయినట్టు ఉంటుంది.

లైట్లు వెలిగాయి. "ఈమె నిజంగా ఉండేదా?" అని అడిగింది నా స్నేహితురాలు.

"మా ఊరి పక్కమ్మాయి" అన్నాను. నా నోటితో ఆ మాట మొదటిసారి అన్నాను.

నిజంగా జరిగింది వేరు. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో, నీ ఇంట్లోనే నువ్వు లేకుండా పోయావు. ముప్పయ్యయిదేళ్ళు. ఆ ముందురాత్రి నువ్వు ఫోన్ చేసి రమ్మన్నావని, పొద్దున్నే వస్తానని తాను చెప్పిందని నీ సాటి నర్తకి అనురాధ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది. పొద్దున్నకు నువ్వు లేవు. ఆత్మహత్య అని పోలీసులు ఫైలు మూశారు. జనం మాత్రం మూయలేదు. ప్రేమ అన్నారు, అప్పులు అన్నారు, సొంత సినిమాలు తీసి పోగొట్టుకుందన్నారు, ఎవరో ఏదో చేశారన్నారు. మనవాళ్ళకు అపరాధ పరిశోధన అంటే ప్రాణం. చివరి పేజీలో దోషి దొరికితే గానీ పుస్తకం మూయలేరు. నీ కథకు ఆ పేజీ లేదు. సినిమావాళ్ళు ఆ ఖాళీలో ఒక ఎర్రచీర పరిచారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఎవరూ చివరిసారి నిన్ను సరిగా చూడని చోట ఒక్కరైనా కాసేపు ఆగి, నీ చెదిరిన జుట్టు సవరించినట్టు అనిపించింది.

ఇప్పుడు ఢిల్లీ నీకు చేసింది చెప్పాలి. వింటున్నావా?

2012 ఏప్రిల్ 22, ఆదివారం. ఆ సినిమాను టీవీలో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి వేస్తామని సోనీ ఛానల్ ఊరంతా చాటింది. ఎన్నో కత్తిరింపులు చేసి, సెన్సార్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆఖరి నిమిషంలో సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ నుంచి మాట వచ్చింది: రాత్రి పదకొండు దాటాకే వెయ్యండి. ఛానల్ ఆపేసింది. నేను భోజనం త్వరగా ముగించి టీవీ ముందు కూర్చుని ఉన్నాను.

ఆ శాఖ ఉండేది శాస్త్రి భవన్‌లో. అక్కడి నుంచి విజ్ఞాన్ భవన్‌కు నడిచి వెళ్ళొచ్చు. సరిగ్గా పదకొండు రోజులకు, మే 3న, ఆ విజ్ఞాన్ భవన్‌లో జాతీయ చలనచిత్ర పురస్కారాలు ఇచ్చారు. ఇచ్చేదీ అదే శాఖ. నిన్ను అభినయించినందుకు విద్యాబాలన్‌కు ఉత్తమ నటి రజత కమలం. నీ కాలపు దుస్తులు కుట్టినందుకు నిహారికా ఖాన్‌కు ఒకటి. నీ ముఖం దిద్దినందుకు విక్రమ్ గైక్వాడ్‌కు ఒకటి. మూడు కమలాలు. విద్యకు వచ్చింది ఆమె కష్టార్జితం, అందులో నాకు సందేహం లేదు, ఆనందమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీ ముఖం దిద్దినవాడికి కమలం వచ్చింది. నువ్వు మద్రాసులో మొదట చేసిన పని అదే కదా, టచప్ అమ్మాయివి, ఇంకొకరి ముఖానికి పౌడరు అద్దినదానివి. నీ వేళ్ళను ఎవరు తలుచుకున్నారు?

నీ కళ్ళను పొగడాలి. కెమెరా ఒళ్ళంతా తిరిగొచ్చినా చివరికి కళ్ళ దగ్గరే ఓడిపోయేది. ఆ బరువైన రెప్పల కింద కవ్వింపు ఉందన్నారు అందరూ. నాకిప్పుడు అలసట కనిపిస్తోంది, తెలివి కనిపిస్తోంది, 'నన్ను చూసేవాళ్ళను నేనూ చూస్తున్నాను' అన్న ఎరుక కనిపిస్తోంది. చాలా సినిమాల్లో గొంతు కూడా నీది కాదు, ఎవరో డబ్బింగ్ చెప్పారు. పేరు నీది కాదు, గొంతు నీది కాదు. మిగిలింది ఆ చూపు. దాన్ని డబ్ చేయగలిగినవాళ్ళు లేకపోయారు.

1981లో భారతీరాజా 'సీతాకోకచిలుక' తీశాడు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకున్న సినిమా. ఇళయరాజా పాటలు, సముద్రం, కార్తీక్, అరుణ అందరికీ గుర్తే. నువ్వు ఉన్నావని ఎంతమందికి గుర్తు? శరత్‌బాబు భార్యగా, నిండుగా చీర కట్టుకున్న ఇల్లాలిగా ఉన్నావు. కట్టుకున్నవాడి అసలు గుణం తెలిసిన ఆడది ఇంట్లో ఎలా నడుస్తుందో ఆ నడక నడిచావు. గట్టిగా ఏడవలేదు. మా పిన్నిలా ఉన్నావు. మా వీధిలో సాయంత్రం అరుగు మీద కూర్చుని చేటతో చెరిగే ఎవరిలాగానైనా ఉన్నావు. ఈ సినిమా మళ్ళీ చూసిన రోజున నా గుండె ఆగినంత పనయింది. పట్టు నుంచి బయటపడి రెక్క విప్పింది అక్కడే, ఆ పేరున్న సినిమాలోనే. ఆ వేషాలు నీకు ఇంకో పది దొరికి ఉంటే! దొరకలేదు. డబ్బాల్లో పడి ఉన్న సినిమాలకు నీ పాట ఒకటి కలిపితే అమ్ముడయ్యే రోజులవి. నాలుగు వందలకు పైగా సినిమాలు చేయించుకున్నారు నీతో. పదిహేడేళ్ళలో నీకు ఒక్క మధ్యాహ్నమన్నా తీరిక దొరికిందా?

ఈ ఊరికి నువ్వు కొత్తదానివి కావు. 1983లో 'సద్మా' వచ్చినప్పుడే ఢిల్లీ నిన్ను చూసింది. బాలు మహేంద్ర తన 'మూన్రాం పిరై'ని హిందీలో మళ్ళీ తీస్తే అందులోనూ ఆ ముసలి మొగుడి పడుచు పెళ్ళాం వేషం నువ్వే వేశావు. మన దగ్గర అది 'వసంత కోకిల'. అందరి కన్నీళ్ళూ శ్రీదేవికి పోయాయి. న్యాయమే. నీ పాత్రలోని ఆకలిని చూసి నవ్వారు, అది న్యాయం కాదు.

సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో శ్రీకృష్ణదేవరాయల కొలువులో నర్తకివి కదా నువ్వు. కాలయంత్రం ఎక్కి గత కాలానికి పోయిన మనుషులకు ఎదురుపడ్డదానివి. ఆ సినిమా ఎప్పుడు చూసినా ఒకటే ఆశ. ఆ యంత్రం ముల్లును 1996 సెప్టెంబరు 22 రాత్రికి తిప్పాలి. నీ ఇంటి తలుపు తట్టాలి. పరామర్శలు, ప్రశ్నలు ఏమీ లేవు. అన్నం తిన్నావా అని అడగాలి. కొవ్వలి నుంచి వచ్చామని చెప్పాలి, అబద్ధమైనా సరే. తెల్లారేదాకా పక్కన కూర్చోవాలి. పాత కాలం మీద తీసే ప్రతి సినిమా నాకు ఆ యంత్రంలాగే కనిపిస్తుంది. అది ఆ రాత్రికి చేరుతుంది, ఫోను మోగడం వింటుంది, తలుపు దాకా వస్తుంది.

'మహానటి' చూసినప్పుడూ ఇదే జరిగింది నాకు. నాగ్ అశ్విన్ ఆ కథను ఒక విలేకరి అమ్మాయి వెతుకులాటగా చెప్పాడు. కోమాలో పడి ఉన్న సావిత్రిని పలకరించలేక, ఆమె బతుకులోకి దారి వెతుక్కుంటూ పోతుంది మధురవాణి. ఆ సినిమాకు కీర్తి సురేశ్ ఉత్తమ నటి కమలం అందుకుంది కూడా 2019 డిసెంబరులో ఈ విజ్ఞాన్ భవన్‌లోనే. సావిత్రికి ఒక మధురవాణి దొరికింది. నీకు తెలుగులో ఇంకా దొరకలేదు. కొవ్వలి మట్టి తగిలిన కథ, చిన్ననాటి పెళ్ళి, ఆ ఇల్లు విడిచి మద్రాసు పారిపోయిన రోజు, రైలు పెట్టెలో నీ ఒళ్ళో ఉన్న మూట, మన యాసలో నీ గొంతు. అది ఎవరైనా తీస్తే మొదటి ఆటకు అమ్మను తీసుకెళ్తాను. ఆవిడకిప్పుడు డెబ్బయి దాటాయి. నా చెయ్యి ఇంకా గట్టిగానే పట్టుకుంటుంది.

ఢిల్లీ నుంచి మా ఇంటికి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తాను. విజయవాడ దాటి, ఏలూరులో కొంతమంది దిగి, బండి మళ్ళీ కదిలాక దెందులూరు వస్తుంది. మా బండి అక్కడ ఆగదు. పెట్టెలో దీపాలు ఆర్పేసి ఉంటాయి, అందరూ నిద్రలో ఉంటారు. నేను దుప్పటి పక్కకు తీసి కిటికీ దగ్గరికి జరుగుతాను. అద్దంలో ముందు నా ముఖమే కనిపిస్తుంది. నుదురు ఆనిస్తే అవతల చేలు, ఒక దీపం, కాలవ మీద దాని మెరుపు. అటువైపు ఎక్కడో కొవ్వలి. టైం చూసుకుంటే పదకొండు ఎప్పుడో దాటి ఉంటుంది. ఎవరికీ నిద్ర చెడకుండా, అద్దానికి పెదాలు ఆనించి పిలుస్తాను.

విజయలక్ష్మీ.