తులం తేడా

చిలుకను చూసి "బొద్దుగా ఉంది, బాగుంది" అనేవాళ్ళ మాట నేను లెక్కలోకి తీసుకోను. వాళ్ళు చూసేది ఈకల్ని, వాటి లోపలున్న పక్షిని కాదు. హైదరాబాదులో మా కవాడిగూడ ఇంట్లో ఒక కాకటీల్ ఉంది. బూడిదరంగు ఒళ్ళు, పసుప్పచ్చ ముఖం, బుగ్గ మీద నారింజరంగు బిళ్ళ, నెత్తిన కుచ్చు. పొద్దున్నే ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నప్పుడు చూస్తే దీనికి తిండి తగ్గించాలేమో అనిపిస్తుంది. కిటికీ అవతల గద్ద నీడ కదిలిందంటే చాలు, ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి, మెడ సాగిపోయి, పాపం ఎన్నాళ్ళ నుంచి పస్తులుందో అన్నట్టు తయారవుతుంది. మధ్యలో గడిచింది అర నిమిషమే. ఒంట్లో ఒక్క గ్రాము కూడా అటూ ఇటూ కాలేదు.

జబ్బు చేసిన పక్షి కూడా ఒంట్లో వేడి నిలుపుకోవడానికి ఇలాగే ఉబ్బి కూర్చుంటుంది. అంటే చిక్కి శల్యమైన పక్షే చూసేవాళ్ళకు బొద్దుగా కనబడవచ్చు. పైగా నీరసాన్ని దాచుకోవడం చిలుక జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. అడవిలో నలతగా కనబడిన దాన్నే కదా డేగ ముందు తన్నుకుపోయేది. కొమ్మ మీద నుంచి తూలిపడేదాకా మనం కనిపెట్టలేదంటే అప్పటికే చాలా రోజులు దాటిపోయాయని అర్థం.

కన్ను పనికిరానప్పుడు చెయ్యి కావాలి. చేతి విద్య మనకు కొత్తేం కాదు. బోనాలప్పుడు ముషీరాబాద్ వైపు నాటుకోడి కొనడానికి వచ్చిన ఏ పెద్దావిడనైనా గమనించండి. కోడి రంగూ తోకా ఆమెకు అక్కర్లేదు. కాళ్ళు పట్టి ఎత్తి బరువు అంచనా కడుతుంది, రెండో చేత్తో రొమ్ము తడుముతుంది. నడిమి ఎముక వేళ్ళకు గుచ్చుకుంటే "ఇండ్ల ఏమున్నది, అన్నీ బొక్కలే" అని అక్కడే వదిలేస్తుంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి పుంజుల్ని మేపేవాళ్ళ చేతులకూ ఈ లెక్క తెలుసు. (పందేలు చట్టవిరుద్ధం. అది ఇంకో వారం మాట్లాడుకుందాం.) పక్షుల డాక్టరు బల్ల మీద చేసేది కూడా సరిగ్గా ఇదే. కాకపోతే ఆయన దానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసి చీటీ మీద రాస్తాడు.

మా పై అంతస్తు పెద్దమ్మది అలాంటి చెయ్యి. అయినా మా పిట్టను మాత్రం ఆమె ఎప్పుడూ కంటితోనే తూచేది. "ఏం బిడ్డా, పిట్ట బక్కగయింది, నాలుగు బాదాములు పెట్టరాదు?" అనేది. కూరకు పోయే కోడికి జరిగే పరీక్ష ముద్దుగా పెంచుకునే చిలుకకు జరగకపోవడం నాకు విడ్డూరంగా తోచి, ఒక ఆదివారం పిట్టను ఆమె ముందే పట్టుకున్నాను. పలుచని తువ్వాలు కప్పి, వెనక నుంచి బొటనవేలూ చూపుడువేలూ దవడల కిందకు పోనిచ్చి తల కదలకుండా ఆపాలి. రొమ్ము మీద మాత్రం ఒత్తిడి పడకూడదు. మనకున్నట్టు పక్షికి డయాఫ్రమ్ ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. ఎగిరిపోతుందేమోనన్న భయంతో పిడికిట బిగించి పట్టుకుంటే, ముక్కూ నోరూ తెరిచే ఉన్నా ఊపిరాడక ప్రాణం పోతుంది. చిన్నపిల్లల చేతుల్లో పిట్టలు చచ్చిపోయేది చాలాసార్లు ఇందుకే.

పెద్దమ్మ కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. మెడ కింద నుంచి పొట్టదాకా చూపుడువేలితో ఒకసారి గీసింది. ఎముకకు అటోవేలు ఇటోవేలు వేసి చూసింది.

"తగుల్తున్నది గానీ గుచ్చుకుంటలేదు. పక్కల కండ ఉన్నది. మంచిగనే ఉన్నది."

కావలసింది అదే. ఎముక వేలికి అందాలి, రెండు పక్కలా కండ గుండ్రంగా నిండి ఉండాలి. ఎముక గట్టులా పైకి లేచి పక్కలు లోపలికి పోతే చిక్కినట్టు. ఎముక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చి, ఇటో ముద్ద అటో ముద్ద, నడుమ గాడి తగిలితే కొవ్వు పట్టినట్టు. అనుమానం తీరకపోతే పొట్ట దగ్గర ఈకలు కాస్త తడిపి పక్కకు తీసి చూడవచ్చు. చర్మం అద్దంలా పలుచగా ఉంటుంది కాబట్టి అడుగున పసుప్పచ్చగా కొవ్వు ఉంటే దాగదు. ఆ రోజు నుంచీ బాదాముల మాట ఆగింది. ఇప్పుడు ఆమె వచ్చినప్పుడల్లా "ఇటు పట్టు, జర చూస్త" అంటుంది. అంత తరచుగా పట్టుకుంటే పిట్ట హడలిపోతుందని ఆపవలసి వస్తోంది.

రామచిలుక సంగతి ఇక్కడే చెప్పేయాలి. మా బస్తీల్లో పాత ఇళ్ళ వసారాల్లో గుండ్రటి ఇనుప పంజరం, అందులో మెడకు ఎర్రటి గీతతో ఆకుపచ్చ చిలుక ఇప్పటికీ కనబడుతూనే ఉంటాయి. అది మనం పెంచుకోవడానికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అది రెండో షెడ్యూలులోకి వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్‌కు 2018 నుంచి రాష్ట్రపక్షి కూడా. పూర్వజన్మలో చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో పెట్టినందుకే రామదాసుకు గోల్కొండలో పన్నెండేళ్ళ చెర పడిందని మన పెద్దలు కథ చెప్పుకున్నారు. దాంతో పోలిస్తే చట్టం దయగలదే. ఎదిగిన రామచిలుక సుమారు 100 నుంచి 140 గ్రాములు తూగుతుంది. పంజరంలో ఉన్నది ఎంత తూగాలి అని నన్నడిగేవాళ్ళకు అటవీశాఖ వాళ్ళకు అప్పగించమనే చెబుతాను. నేను మాట్లాడుతున్నది కాకటీళ్ళు, బడ్జీలు లాంటి బయటి దేశాల పక్షుల గురించి.

చేతికి తోడు కాటా కావాలి. వంటింట్లో మైదా తూచుకునే డిజిటల్ కాటా చాలు, ఒక్కో గ్రామూ చూపించేదైతే. పైన ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి సున్నా చేసి, పిట్టను అందులోకి ఎక్కించడం. చెప్పినంత తేలిక కాదు. ముందు ఫ్యాన్ ఆపాలి. ఎగిరితే రెక్క తగులుతుందన్నది ఒకటి, ఆ గాలికి కాటా మీద అంకె నిలవదన్నది రెండోది. కిటికీలు మూయాలి. మే నెలలో కవాడిగూడలో ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం ఎలాంటి తపస్సో హైదరాబాదువాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా పిట్ట మొదట్లో కాటా బటన్లను ముక్కుతో పీకడానికే మొగ్గు చూపింది. రెండు కొర్ర గింజలు ఎర వేస్తే ఇప్పుడు తనే నడిచొచ్చి ఎక్కుతుంది.

ఎప్పుడు తూచామన్నది ముఖ్యం. రాత్రంతా ఆపుకున్న పెద్ద రెట్ట పొద్దున్నే వేస్తుంది. అది వేశాక, మేత ముట్టకముందు తూచాలి. మెడ కింద తిత్తి నిండా గింజలున్న పక్షినీ ఖాళీ కడుపుతో ఉన్న పక్షినీ పోల్చి కంగారు పడితే అర్థం లేదు. గుడ్డు పెట్టబోయే ఆడపక్షి ఎలాగూ బరువు పెరుగుతుంది.

పాత రోజుల్లో రైల్వే స్టేషన్లలో బరువు మిషన్లు ఉండేవి గుర్తుందా? ఎక్కి నాణెం వేస్తే చిన్న అట్టముక్క వచ్చేది. ఒక పక్క బరువు, రెండో పక్క జాతకం. చిలుక జోస్యంలో చిలుక తీసేదీ అట్టముక్కే. పుస్తకంలో ఉన్న సగటు బరువును కొందరు అచ్చం అలాగే నమ్ముతారు. కాకటీల్ 80 నుంచి 110 గ్రాముల దాకా ఉండవచ్చు. ఎముకల కూర్పు సన్నగా ఉన్నదానికి 82 చక్కటి బరువు. పెద్ద చట్రం ఉన్నదానికి అదే 82 ఆకలి బరువు. అందుకే చెయ్యి మంచి కండ ఉందని చెప్పిన రోజున కాటా ఎంత చూపిందో రాసిపెట్టుకోవాలి. ఆ పిట్టకు అదే కొలబద్ద. మాది 94. రెండు గ్రాములు ఇటూ అటూ ఊగుతూ ఉంటుంది, దాన్ని నేను పట్టించుకోను.

పట్టించుకోవలసింది తులం తేడా. బంగారం దుకాణంలో తులమంటే ఇవాళ పది గ్రాములు. గ్రాము ధర పది రూపాయలు కదిలినా చెప్పగలిగే మనకు, 94 గ్రాముల పిట్ట ఒంట్లోంచి తులం పోతే కంటికి ఆనదు. ఒంటి బరువులో పదోవంతు తగ్గిందంటే ఆసుపత్రికి బయలుదేరాలన్నది పక్షివైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. ముప్పై గ్రాముల బడ్జీకి ఆ పదోవంతు మూడు గ్రాములే.

బడ్జీ అంటే మన దగ్గర లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే పిట్ట. అసలు లవ్ బర్డ్ ఆఫ్రికాది, 50 గ్రాముల పైచిలుకు ఉండవచ్చు. ఆ బరువును లెక్కగా పెట్టుకుని బడ్జీని మేపితే ఏమవుతుందో ఊహించుకోండి. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక కుర్రాడు, ఖాళీ చేసి వెళ్ళిన రూమ్మేట్ వదిలేసిన జతను సాకుతున్నాడు. "అన్నా, తిండికేం తక్కువ లేదు, గిన్నె ఎప్పుడూ నిండనే ఉంటది" అన్నాడు. గిన్నె మీద ఊదమన్నాను. పొట్టంతా లేచి పుస్తకాల మీద పడింది, అడుగున పది గింజలు మిగిలాయి. బడ్జీ గింజను ఒలుచుకుని పొట్టు అక్కడే వదిలేస్తుంది. నిండు గిన్నె ముందు పస్తుండి చచ్చిపోయే పిట్టలు ఇలాంటివే. గిన్నె సరిచేశాక మగది కోలుకుంది. ఆడది మాత్రం రోజంతా తింటూనే ఎముక తేలుతోంది, రెట్టలో గింజలు అరక్కుండా పడుతున్నాయి. కడుపులో చేరే ఒక రకం ఈస్ట్ వల్ల బడ్జీల్లో ఇలా జరుగుతుంది. రెట్టను మైక్రోస్కోపు కింద చూస్తే గానీ తేలదు. బాగా తింటోంది కాబట్టి బాగుంది అనుకోవడానికి లేదు.

మన ఇళ్ళలో ఎక్కువగా కనబడేది మాత్రం కొవ్వు పక్షే. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం నూనె. చిన్న పంజరం, ఎగరడానికి చోటు లేదు, వచ్చిన చుట్టమల్లా ఒక గింజ అందిస్తాడు, సాయంత్రం చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కట్ ముక్క. కాలేయం కొవ్వెక్కుతుంది, ముక్కు వంకరగా పెరిగిపోతుంది, బడ్జీలకైతే రొమ్ము మీద కొవ్వుగడ్డలు లేస్తాయి. అదే సమయంలో ఎ విటమిన్ లోటు. లావుగా ఉండి పోషణ లేకపోవడం మనుషులకే కాదు. పాలకూర, క్యారెట్, మునగాకు, తీపి తక్కువ పండ్లు అలవాటు చెయ్యాలి. అవకాడో, చాక్లెట్ దగ్గరకు కూడా రానివ్వకూడదు. పచ్చిమిర్చి నిక్షేపంలా పెట్టవచ్చు, పక్షులకు ఆ ఘాటు తెలియదు. కొర్రలు చిన్న పిట్టలకు మంచి మేతే. అవే కొర్రలు ఇప్పుడు చిక్కడపల్లిలో షుగర్ ఉన్నవాళ్ళు వెతుక్కుని కొంటున్నారు.

మేత మార్చే రోజుల్లోనే కాటా అసలు అవసరం. పొద్దుతిరుగుడు మానిపించాలని ఒక్కసారిగా గిన్నె మార్చేస్తే, కొత్తది తిండి అని గుర్తించక కొన్ని పక్షులు ఆకలితో మాడిపోతాయి. వారాల తరబడి కొంచెం కొంచెంగా మార్చాలి, ఆ వారాల్లో రోజూ తూచాలి. అంకె జారుతుంటే మార్పు ఆపాలి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు బరువులు రాసుకున్న కాగితం తీసుకెళ్ళండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఎక్కడికి వెళ్ళినా, పక్షుల వైద్యం తెలిసినవాళ్ళు ఉన్నారో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. మందు మోతాదు కట్టేది ఒంటి బరువును బట్టే. ముప్పై గ్రాముల పిట్టను నలభై అనుకుంటే మందు మూడోవంతు ఎక్కువ పడుతుంది. వాట్సాప్‌లో ఫొటో పంపి "ఎన్ని చుక్కలు వెయ్యమంటారు?" అని అడిగేవాళ్ళు నాకు ఇంకా తగులుతూనే ఉన్నారు. నేను డాక్టరును కాదని చెప్పి, ఎంత తూగిందని అడుగుతాను. అటు నుంచి ఇంకో ఫొటో వస్తుంది.