తెలుగు వికీపీడియాలో లంకెల కూర్పు

విజ్ఞానసర్వస్వములను విమర్శించువారు సాధారణముగా అందలి వ్యాసముల గుణదోషములనే చర్చింతురు. ఏ విషయము విడువబడినది, ఏ తేది తప్పినది, శైలి యెట్లున్నది అనునవియే వారి ప్రశ్నలు. ఒక వ్యాసమునుండి మఱియొక వ్యాసమునకు చదువరిని గొనిపోవు సూచనలను గూర్చి ప్రత్యేకముగా విచారించినవారు అరుదు. అచ్చుపుస్తకముల విషయమున నీ యుపేక్ష కొంతవఱకు చెల్లినది. అంతర్జాలమున వెలసిన తెలుగు వికీపీడియా విషయమున నిది చెల్లదు. అందు ఒక పదమునకు లంకె వేసిన సంపాదకుడు ఆ పదమున కిదియే యర్థమని తీర్పు చెప్పినవాడగుచున్నాడు. అట్టి తీర్పులలో నేవి నిలుచునో, ఏవి నిలువవో హుజూరాబాదు ప్రాంతపు పేళ్లను ముఖ్యోదాహరణములుగా గొని పరిశీలించుట యీ వ్యాసోద్దేశము. సంపాదకులు వాడు మాట ‘లింకు’. పల్లెలలో లంకెబిందెల ప్రస్తావన యెఱుగనివారు లేరు గావున నేను ‘లంకె’ యనియే వ్రాయుచున్నాను.

కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు (1877-1923) ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును అకారాదిక్రమమున నారంభించి, అచ్చుల తొలిభాగము దాటకముందే స్వర్గస్థులైరి. అట్లు వరుసగా వెలువడు గ్రంథములయం దొక చిక్కు గలదు. అకారపు సంపుటమున ‘వేములవాడ చూడుడు’ అని సూచన చేసినచో, వకారపు సంపుటము పుట్టునంతవఱకు నా సూచనకు గమ్యము లేదు. 2001 జనవరిలో ఆంగ్లమున మొదలైన వికీపీడియాకు తెలుగుశాఖ 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి చొరవతో నేర్పడినది. దీనికి అకారాది వరుసయు లేదు, జీతము గొను సంపాదకవర్గమును లేదు. లేని వ్యాసమునకు గూడ నిందు లంకె వేయవచ్చును; అది యెఱ్ఱని యక్షరములతో గనబడును. కొందఱు దీనిని పుటకు మచ్చగా నెంచి తొలగింపజూతురు. ఆ తలంపు సరికాదు. ఎఱ్ఱలింకును నొక్కినచో క్రొత్త వ్యాసము వ్రాయుటకు పుట తెఱచుకొనును. ఏ విషయమునకు ఎన్ని చోట్ల ఎఱ్ఱలింకు లున్నవో లెక్కించి, ముందుగా వ్రాయవలసిన దేదో నిర్ణయించుకొనుటకు గూడ వీలు గలదు.

ఈ పని యొక్కరు చేయునది గాదు. ఒకరు వ్యాసము వ్రాయుదురు. మఱియొకరు అందలి పేళ్లకు లంకెలు వేయుదురు. మూడవవారు శీర్షిక మార్చి, పాతపేరున ‘దారిమార్పు’ నిలుపుదురు. నాలుగవవారు ఆ మార్పువలన చెడిన లంకెల నొక్కొక్కదానిని చక్కబెట్టుదురు. వీరు తమ సందేహములను చర్చాపుటలందును, ‘రచ్చబండ’ యను పేర నేర్పఱచుకొనిన యుమ్మడి వేదికయందును విన్నవించుకొందురు. ప్రతి పుటకు ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ అను పట్టిక యొకటి గలదు. ఏ పుటనుండియు లంకె లేని పుటను వీరు అనాథ యందురు. అనాథ నుద్ధరింపబూనిన క్రొత్తవారు తఱచుగా ఆ పుటలోనే మఱికొన్ని లంకెలు చేర్చి యూరకుందురు. దానివలన ప్రయోజనము శూన్యము. లంకె యితర పుటలనుండి దానికి రావలెను. అనగా నితర వ్యాసములను చదివి, ఈ విషయ మెచ్చట నిజముగా ప్రసక్తమగునో కనిపెట్టవలెను. ఇది చదువువాని పని గాని చేర్చువాని పని గాదు. జీతములేక యిట్టి పని చేయువారియెడ పండితలోకము చూపిన యాదరము మిక్కిలి తక్కువ.

ఇక లిపివిషయము. హుజూరాబాదు, హుజూరాబాద్, హుజురాబాద్ అని యొకే యూరిపేరును మూడువిధముల వ్రాయుట లోకమున గలదు. చదువరికి మూడు నొకటే. యంత్రమునకు మూడును వేఱు. ఒకదానిని శీర్షికగా నుంచి తక్కినవానిని దారిమార్పులుగా జేసినచో నీ బాధ తొలగును. అయితే శీర్షికగా నుండదగిన రూపమేది? లంకెను సూచించు జంటకుండలీకరణములకు వెలుపల నెడములేక చేర్చిన తెలుగక్షరములను గూడ యంత్రము లంకెలో భాగముగనే చూపును. కావున అజంతమైన ‘హుజూరాబాదు’నకు వెలుపల ‘లో’ యనియు ‘నుండి’ యనియు విభక్తిని చేర్చిన జాలును, పదము సహజముగా గలియును. పొల్లుతో ముగియు రూపమునకు ‘లో’ చేర్చినచో దకారలకారములు సంయుక్తాక్షరమై పేరు గుర్తింపరాకుండును. దీనిని తప్పించుటకై కంటికి గనబడని చిహ్న మొకటి నడుమ నుంచుచున్నారు. ఆ చిహ్నము పొరబాటున లంకె లోపలనే చేరినచో పేరు చూపునకు సరిగానే యుండును, లంకె మాత్రము ఎఱ్ఱబడును. అక్షరములు పదిమార్లు సరిచూచినను దోషము దొరకదు. తెలుగు అజంతభాష యని పాఠశాలలో మనము చెప్పు మాట యిచ్చట యంత్రముచేతనే సమర్థింపబడుచున్నది. శీర్షిక అజంతముగ నుండుటయు, ప్రభుత్వపు కాగితములలోని హలంతరూపము దారిమార్పుగ నుండుటయు మేలని నా యభిప్రాయము. ఔపవిభక్తికములతో నింకొక చిక్కు గలదు. ‘మానేటి యొడ్డున’ అని వ్రాసినచో లంకె చేరవలసిన పుట ‘మానేరు’. ఇచ్చట విభక్తిని వెలుపల జేర్చుట చాలదు. కనబడు పదము, చేరవలసిన పుటపేరు రెండును విడివిడిగా జెప్పవలెను. ఆంగ్లమున కేర్పడిన సాధనము తెలుగున కట్లే సరిపడునని నమ్మి, యంత్రముచేత గుంపుగా లంకెలు వేయించువారు ఈ సంగతి గమనింపవలసియున్నది.

ఒకే పేరు పలువిషయములకు గలిగినప్పుడు సంపాదకులు ‘అయోమయ నివృత్తి’ యను పుట నేర్పఱచెదరు. పేరు కొంత వినోదముగ నున్నను పని మంచిది. దాని యావశ్యకత కరీంనగరు ప్రాంతమున నడుగడుగునను గలదు. క్రీ.శ. 945 ప్రాంతమున, రెండవ అరికేసరి కాలమున, పంపకవి తమ్ముడైన జినవల్లభుడు కుర్క్యాల చెంత బొమ్మలగుట్టపై సంస్కృత కన్నడాంధ్రములలో వేయించిన శాసనమును, అందలి మూడు తెలుగు కందపద్యములను ఎఱుగని పండితుడుండడు. ఆ కుర్క్యాల గంగాధర మండలములోనిది. ‘గంగాధర’ యనినచో శివుడు గావచ్చును, ఈ యూరు గావచ్చును, తపతీసంవరణోపాఖ్యానకర్తయైన అద్దంకి గంగాధరకవియు గావచ్చును. ‘పంప’ యనినచో కవియా, రామాయణమందలి సరస్సా, కేరళములోని నదియా? ధర్మపురి శేషప్పకవిని గూర్చిన వ్యాసమున ‘ధర్మపురి’ యను పదమునకు ఆలోచింపక లంకె వేసినచో, నరసింహశతకకర్త గోదావరీతీరము వీడి తమిళనాటి ధర్మపురికి బోవలసివచ్చును! ‘హుజూరాబాదు’ అను నొక్క పేరే నేడు పట్టణమునకు, మండలమునకు, 2016లో నేర్పడిన రెవెన్యూ డివిజనునకు, శాసనసభ నియోజకవర్గమునకు జెల్లుచున్నది. కమలాపూరు హుజూరాబాదు నియోజకవర్గములోనిది. హుజూరాబాదు మండలములోనిది గాదు, ఇప్పుడు కరీంనగరు జిల్లాలోనిదియు గాదు. ఆ వాక్యమున లంకె నియోజకవర్గపు పుటకు జేరక మండలపు పుటకు జేరినచో, వాక్యము సత్యమయ్యు లంకె యబద్ధమగును.

పై దోషము లన్నియు శ్రద్ధచే తీఱునవి. శ్రద్ధమాత్రమున తీఱనిది కాలమువలన గలుగు దోషము. 2016 అక్టోబరు 11వ తేదిని తెలంగాణమందలి 10 జిల్లాలు 31 అయ్యెను. 2019లో 33 అయ్యెను. పాత కరీంనగరు జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టినవి. హుస్నాబాదు, కోహెడ సిద్దిపేటలో గలిసెను. హుజూరాబాదునకు పొరుగుననే యున్న కమలాపూరు, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలములు వరంగల్ పట్టణ జిల్లాలో జేరెను. 2021లో ఆ పట్టణజిల్లాకు హనుమకొండ జిల్లా యనియు, వరంగల్ గ్రామీణజిల్లాకు వరంగల్ జిల్లా యనియు పేళ్లు మాఱెను. అనగా 2016కు ముందు ‘వరంగల్ జిల్లా’ యను పేరునకు విశాలమైన యొక ప్రదేశ మర్థము. 2016 మొదలు 2021 వఱకు కేవల మా పేరుతో జిల్లా లేదు. తరువాత నదే పేరు చిన్నదైన వేఱొక ప్రదేశమునకు వచ్చినది. పూర్వమెప్పుడో సరిగా వ్రాసి, సరిగా లంకె వేసి, పిమ్మట నెవ్వరును ముట్టని వాక్యమున నొక్క యక్షరమును మాఱకయే యర్థము మాఱినది. తాళపత్రగ్రంథములలో లేఖకప్రమాదములను జూచియున్నాము; లేఖకుడు లేకయే కలుగు నీ ప్రమాదము క్రొత్తది.

పాములపర్తి వేంకట నరసింహారావుగారి జీవితము నుదాహరణముగ గొందము. ఆయన 1921లో లక్నేపల్లిలో జన్మించి, వంగరకు దత్తుగా వెళ్లిరి. 1957లో మంథనినుండి శాసనసభకు ఎన్నికైరి. లక్నేపల్లి పాత వరంగల్ జిల్లాలోనిది, తరువాత గ్రామీణజిల్లాలోనిది, ఇప్పుడు మరల వరంగల్ జిల్లాలోనిది. వంగర కరీంనగరునుండి వరంగల్ పట్టణజిల్లాకును, పేరుమార్పుతో హనుమకొండకును వచ్చినది. మంథని నేడు పెద్దపల్లి జిల్లాలో నున్నది. రాష్ట్రమునుగూర్చి యడిగినను నింతే: 1921లో నిజాముల హైదరాబాదు, 1957లో ఆంధ్రప్రదేశము, 2014 జూన్ 2 మొదలు తెలంగాణము. ఆయన తెలంగాణ రాష్ట్రమున హనుమకొండ జిల్లాలో పెరిగిరని వ్రాసి రెంటికిని లంకెలు వేసినచో, చదువు బాలుడు నేటి పటముపై నూరిని సులభముగా గుర్తించును. చరిత్రను మాత్రము తలక్రిందుగా నేర్చును. కరీంనగరు జిల్లా యనియే వ్రాసి నేటి కరీంనగరు పుటకు లంకె వేసినచో, అతడాయూరిని ఆ జిల్లా మండలముల పట్టికలో వెదకి, కానక, వ్యాసమే తప్పనుకొనును.

ఇందు సంపాదకులు చేసిన పనిలో మెచ్చదగిన దొకటి కలదు. గ్రామముల పుటలలో నేటి జిల్లాను జెప్పి, 2016 పునర్వ్యవస్థీకరణకు ముందు ఆ గ్రామ మే జిల్లాలో నుండెడిదో ప్రత్యేకవాక్యమున జేర్చిరి. వేలకొలది పుటలకు నిట్లు చేయుట సామాన్యశ్రమ గాదు. గ్రామవర్ణనమునకు ఈ పద్ధతి చాలును. వ్యక్తుల చరిత్రములకును, శాసనములకును, ఉద్యమములకును జాలదు. అచ్చట లంకె వాక్యము చెప్పు కాలము ననుసరింపవలెను. ‘జన్మించెను’, ‘ఎన్నికయ్యెను’ అను భూతార్థవాక్యములయందు నాటి జిల్లాకే లంకె యుండవలెను. ‘ప్రస్తుతము ఫలానా జిల్లాలోనిది’ అను వేఱువాక్యమున నేటి జిల్లాకు లంకె వేయవచ్చును. ఇది సాగవలెనన్న పాత జిల్లాలకు వేఱుగ పుటలుండవలెను. వానిని నేటి జిల్లాల పుటలలో గలిపివేయరాదు. పుటలసంఖ్య పెరుగునని కొంద ఱాక్షేపింపవచ్చును. కాగితము కొనవలసినపని లేనిచోట ఆ యాక్షేపణకు బలము తక్కువ.

జిల్లాల సంగతి ప్రభుత్వపుటాజ్ఞ చూచి నిర్ణయింపవచ్చును. పండితులే యేకాభిప్రాయమునకు రాని విషయము లున్నవి. పోతన బమ్మెర పాత వరంగల్ జిల్లాలోనిది, 2016 మొదలు జనగామ జిల్లాలోనిది. అది యట్లుండగా, ఆయన ‘ఏకశిలానగరము’ ఓరుగల్లా, ఒంటిమిట్టయా అను వాదము తెలుగు సాహిత్యచరిత్రలో ప్రసిద్ధము. వ్యాసకర్త ఉభయపక్షములను న్యాయముగా జెప్పి, ఆ పదమునకు మాత్రము వరంగల్ పుటకు లంకె వేసినచో వాదము తీర్పబడినట్లే. ఒంటిమిట్టకు వేసినను నట్లే. లంకె వేయువాడు తాను తీర్పు చెప్పుచున్నానని యెఱుగకపోవుట యిందలి విశేషము. నాకు ఓరుగల్లు పక్షమే బలవత్తరముగ దోచుచున్నది. అయినను లంకె నా పక్షమునకు వేయుమని కోరను. ఏకశిలానగరమునకు వేఱొక పుట యుండవలెను. అందు వాదము, ఇరుప్రక్కల యాధారములు జెప్పబడవలెను. పోతనను గూర్చిన వ్యాసములనుండి లంకె ఆ పుటకే చేరవలెను.

మితిమీఱి లంకెలు వేయు చాపల్యమును గూర్చి యొక్కమాట చాలును. నీరు, చెట్టు, తల్లి అను పదములకు లంకెలు వేయుట చదువరిని విసిగించును. ఒక విషయమునకు వ్యాసమున మొదటిమారు మాత్రమే లంకె వేయవలెనను వారి నియమము బాగుగనే యున్నది, ఆచరణమున సడలుచున్నది.

ఎవ్వరైనను మార్చగల గ్రంథమున నింత సూక్ష్మవిచారము వ్యర్థమని యనువారు గలరు. నేడు సరిచేసిన లంకెను రేపు వేఱొకడు చెఱుపవచ్చును గదా యని వారి వాదము. కాని యిందు ప్రతి మార్పును, చేసినవాని పేరుతోడను కాలముతోడను చరిత్రపుటలో నిలిచియుండును. పాతరూపమును మరల దేవచ్చును. అచ్చుపుస్తకమున ప్రక్షిప్తమును బట్టుకొనుటకు మనము పడు శ్రమ యిందు లేదు. కొఱత యొక్కటి కలదు. మార్పు కనబడును, దాని కారణము చాలచోట్ల కనబడదు. సవరణ చేయునపుడు కారణము వ్రాయుటకు చిన్న గడి యొకటి యుంచిరి. అది తఱచుగ ఖాళీగనే యుండును, లేదా ‘లింకు సవరించితిని’ అని యుండును. వంగర వాక్యమున కరీంనగరు లంకె తీసి హనుమకొండ లంకె వేసినవాడు 2021 పేరుమార్పును బట్టి యట్లు చేసెనా, లేక కరీంనగరనుట తప్పని తలచెనా యనునది ఆ గడి ఖాళీగ నున్నప్పుడు తెలియదు. పిమ్మట వచ్చు సంపాదకుడు ఆ రెండింటిలో నేది నిజమో నిశ్చయించుకొనలేక, మరల మొదటినుండి విచారింపవలసివచ్చుచున్నది.