వంకర చుక్కకూ 180 డిగ్రీలే

పెన్సిలు ఎత్తకుండా ఐదు కొనల చుక్క గీయడం మనందరికీ చిన్నప్పుడే అలవడిన విద్య. ఒక కొన సన్నగా, ఇంకొకటి మొద్దుగా, చుక్క ఎంత వంకరపోయినా ఐదు కొనల కోణాలనూ కలిపితే 180 డిగ్రీలే అవుతాయి. కోణమానినితో కొలిస్తే 178 అనో 183 అనో తేలవచ్చు. ఆ తేడా మన చేతిలోనిదే గాని చుక్కలోనిది కాదు. అంత నమ్మకంగా చెప్పే ధైర్యం కొలత ఇవ్వదు, నిరూపణ ఇస్తుంది. అలాంటి నిరూపణ పద్ధతులు మూడు చూద్దాం.

ఈ నిరూపణల వెనుక పెద్ద చరిత్రే ఉంది. ప్రాచీన గ్రీసులో పైథాగరస్ అనుయాయులకు ఈ చుక్క తమవాళ్లను గుర్తుపట్టే చిహ్నం. ‘ఆరోగ్యం’ అనే అర్థం వచ్చే మాటతో దాన్ని పిలుచుకునేవారు. 13వ శతాబ్దంలో ఇటలీ పండితుడు కంపానస్, యూక్లిడ్ గ్రంథానికి తాను చేసిన లాటిన్ కూర్పులో, ఈ ఐదు కోణాలూ కలిసి రెండు లంబకోణాలకు సమానమని చూపాడు. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన థామస్ బ్రాడ్‌వర్డైన్ బహుభుజుల భుజాలను పొడిగిస్తూ ఇలాంటి చుక్కలను ఒక వరుసలో పెట్టి పరిశీలించాడు. 1619లో కెప్లర్, 1809లో ఫ్రాన్సుకు చెందిన పోయిన్సో ఆ దారినే ముందుకు తీసుకెళ్లారు.

మొదటి పద్ధతికి బడిలో నేర్చిన త్రిభుజాలు చాలు. కొనలకు చుట్టూ వరుసగా క, చ, ట, త, ప అని పేర్లు పెట్టండి. ‘క’ కొన దగ్గరున్న చిన్న త్రిభుజానికి అడుగున రెండు కోణాలున్నాయి. అందులో ఒకటి, ట, ప కొనలను కలుపుకున్న మరో త్రిభుజానికి బాహ్యకోణం. బాహ్యకోణం ఎప్పుడూ ఎదుటి రెండు అంతరకోణాల మొత్తానికి సమానం కాబట్టి, అది ట, ప కోణాల మొత్తం. అలాగే రెండోది చ, త కోణాల మొత్తం. చెల్లాచెదురుగా ఉన్న ఐదు కోణాలూ ఒక్క చిన్న త్రిభుజంలోకి వచ్చి కూర్చున్నాయి. ఇక లెక్కించాల్సింది ఏమీ లేదు.

రెండో పద్ధతి వృత్తానిది. ఐదు కొనలూ ఒకే వృత్తం మీద ఉంటే, ప్రతి కొన తనకు ఎదురుగా ఉన్న చాపాన్ని చూస్తుంటుంది. ఆ ఐదు చాపాలూ కలిసి వృత్తాన్ని సరిగ్గా ఒక్కసారి కప్పుతాయి. పరిధి మీది కోణం కేంద్రం దగ్గరి కోణంలో సగం కనుక, మొత్తం 360లో సగం. చూడముచ్చటైన నిరూపణే గాని వృత్తానికి అందని వంకర చుక్కకు ఇది పనిచేయదు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం. చుక్క గీత మీద నడుస్తున్నట్టు ఊహించుకోండి. ప్రతి కొన దగ్గరా 180లోంచి ఆ కొన కోణం తీసేయగా మిగిలినంత తిరగాలి. అన్ని మలుపులూ ఒకే వైపుకి. బయల్దేరిన చోటికి, బయల్దేరిన దిక్కుకే చేరేసరికి మనం తిరిగినవి నిండు చుట్లు. ఐదు కొనల చుక్కలో అవి రెండు, అంటే 720 డిగ్రీలు. ఐదు నూట ఎనభైలు 900. అందులోంచి 720 పోతే మిగిలేది 180. సేమూర్ పాపర్ట్ 1980లో రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకంలో పిల్లలు కంప్యూటరు తెర మీద తాబేలును నడిపిస్తూ కోణాలు నేర్చుకునేది ఈ నడకతోనే. ప్రతి కొన దగ్గరా 144 డిగ్రీలు తిరగమంటే తాబేలు చక్కటి చుక్క గీస్తుంది.

ఈ నడక ఐదుతో ఆగదు. కొనల సంఖ్యలోంచి చుట్ల సంఖ్యకు రెట్టింపు తీసేసి, మిగిలినదాన్ని 180తో గుణిస్తే చాలు. ఏడు కొనల మధ్య ఒక కొన వదిలి ఒక కొనకు వెళ్తే రెండు చుట్లు, మొత్తం 540. రెండేసి వదిలితే మూడు చుట్లు, మళ్లీ 180. మన సంక్రాంతి ముగ్గుల్లో కనిపించే ఆరు కొనల చుక్క మాత్రం ఇలా కొన నుంచి కొనకు నడిస్తే ఒకే గీతగా రాదు. ఒకటి వదిలి ఒకటి వెళ్తే మూడు కొనలకే మొదటికొస్తాం, చేయి ఎత్తక తప్పదు. ఆరుకూ రెండుకూ ఉమ్మడి కారణాంకం ఉండటమే కారణం. అది రెండు త్రిభుజాల అల్లిక కనుక మొత్తం 360.

పిల్లలకు ముందుగా సూత్రం చెప్పేయకండి. వాళ్లు గీసిన వంకర చుక్క మీదే, ఒక గీత వెంబడి పెన్సిలు పెట్టించండి. కొన దాకా జరిపి, పక్క గీత మీదికి కోణం లోపలి నుంచే తిప్పి, మళ్లీ జరపమనండి. ఐదు కొనలూ తిరిగి వచ్చాక పెన్సిలు అదే గీత మీద ఉంటుంది, మొన మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది. ఆ సగం తిరుగుడే 180 డిగ్రీలు. కోణమానిని అవసరం లేకుండానే పిల్లవాడు దాన్ని కళ్లారా చూస్తాడు.